కోనాడ నుంచి బారువ దాకా: అయిదు తెరచాప పడవలు, ఏడు రోజులు

ఆరు వారాల ముందు: దారి, దిక్కు, తిథి

బయల్దేరేది విజయనగరం జిల్లా కోనాడ, చంపావతి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర. చేరేది శ్రీకాకుళం జిల్లా బారువ. దారి సుమారు 80 నాటికల్ మైళ్లు, అంటే 148 కిలోమీటర్లు. ఈ డైరీలో ఇకపై మైలు అంటే నాటికల్ మైలే, 1.852 కి.మీ. క్లబ్బు పడవలు అయిదు, పడవకి ముగ్గురు. వెంట ఒక ఫైబర్ బోటు, దాని మీద 10 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు ఇంజను, నడిపేందుకు ఈ తీరం ఎరిగిన ఇద్దరు మత్స్యకారులు.

దక్షిణం నుంచి ఉత్తరానికే ఎందుకంటే, మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం గాలి కూడా ఆ రెండు దిక్కుల్లోనే ఉంటుంది. అంటే అయితే వెన్నంటి వస్తుంది, లేదంటే మొహం మీద కొడుతుంది. కార్తీక, మార్గశిరాల్లో గాలి ఈశాన్యం, తీరం వెంబడి నీటి వాలు దక్షిణానికి. ఫిబ్రవరి వచ్చేసరికి నీటి వాలు ఉత్తరానికి తిరుగుతుంది, మధ్యాహ్నపు గాలి దక్షిణ నైరుతికి మళ్లుతుంది. ఎదురుగాలిలో ఈ పడవలు గాలికి 50 డిగ్రీల కంటే దగ్గరగా పోలేవు. 10 మైళ్ల ఎదురుదారికి పదిహేనున్నర మైళ్లు వంకర్లు తిరగాలి. అందుకే వెళ్లేది చాప మీద, తిరిగొచ్చేది జాతీయ రహదారి మీద లారీలో. పౌరుషానికి పోయి రెండువైపులా చాప మీదే అనుకుంటే వారం కాస్తా పక్షం అవుతుంది.

తేదీలకి క్యాలెండర్ కంటే పంచాంగం ముందు తీశాం. ఫాల్గుణ శుద్ధ షష్ఠి నుంచి ద్వాదశి దాకా. అమావాస్య, పౌర్ణమి పోట్లకి ఈ తీరంలో నీరు సుమారు మీటరున్నర ఎక్కి దిగుతుంది. అష్టమి దాటిన రెండు రోజులకి అందులో సగం కూడా ఉండదు. మొగల్లో లోతు కావాలంటే పెద్ద పోటు మంచిది, కానీ దాని వెనకే వచ్చే పాటు (నీరు వెనక్కి తీయడం) అంత జోరుగానూ లాగుతుంది. పడవ అడుగున నీటిలోకి దిగే కీలు పలకని పైకి లేపితే మన పడవకి 30 సెంటీమీటర్ల నీళ్లు చాలు. కాబట్టి లోతు కంటే నెమ్మదే మనకి ముఖ్యం. పైగా అష్టమి చుట్టుపక్కల పోటు నిండేది మధ్యాహ్నం దాటాక, సరిగ్గా సముద్రపు గాలి తోసుకొచ్చి పడవల్ని ఒడ్డుకి చేర్చే వేళకి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను బోట్లకి వేట నిషేధం. ఆ 61 రోజులూ సముద్రం దాదాపు ఖాళీ. కష్టం వస్తే పిలవడానికి పక్కన బోటు ఉండదు. అందుకే ఆలోపే పని ముగియాలి.

ఈ దారిలో నడిసముద్రం కష్టం కాదు. ఒడ్డు చేరడం కష్టం. కోనాడ, బారువల మధ్య చిన్న పడవ ఏ గాలిలోనైనా నిశ్చింతగా దూరిపోయే గోడలున్న రేవు ఈ ప్రయాణం నాటికి లేదు. ఉన్నవి నది మొగలు, ఇసుక తీరాలు. రోజుకి ఎన్ని మైళ్లు పోగలం అని మొదట లెక్కేస్తే పథకం తప్పుతుంది. ఏ గంటకి ఒడ్డెక్కగలం అన్నది ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి బయల్దేరే గంట పెట్టాం.

నాలుగు వారాల ముందు: పడవల పని

పడవ పొడవు 6 మీటర్లు, వెడల్పు 2, ఫైబర్ తొట్టి. మధ్యలో పైకి లాగే కీలు పలక. పెద్ద చాప 14 చదరపు మీటర్లు, ముందు చాప 5. సాఫీగా పోతే గంటకి 4 మైళ్లు, ఎంత గాలి ఉన్నా అయిదున్నర దాటదు. నీటిలో ఉన్న పొడవే ఆ హద్దు గీస్తుంది. పథకంలో మాత్రం మూడున్నర లెక్కనే వేసుకున్నాం.

తెరచాప కొయ్యని నిలబెట్టే స్టీలు తీగలు 4 మి.మీ. దూది ఉండ పట్టుకుని పైనుంచి కింద దాకా తుడిచాం. ఎక్కడ దూది పోగు చిక్కుకుంటే అక్కడ తీగలో ఒక పోగు తెగినట్టే. రెండు పడవల్లో నాలుగు తీగలు మార్చాల్సి వచ్చింది. నాలుగూ కింది చివర, బిగింపు గొట్టంలోకి తీగ దూరే చోటే తెగాయి. ఉప్పునీరు పైనుంచి జారి అక్కడే నిలుస్తుంది, గాలి తగలదు. స్టెయిన్‌లెస్ స్టీలు గాలి తగలని చోటే లోపల్నుంచి తినేస్తుంది. బయటికి మెరుస్తూనే ఉంటుంది.

పెద్ద చాపకి రెండు రీఫులు, అంటే గాలి ఎక్కువైతే చాపని కొంత మడిచి కట్టి చిన్నది చేసే ఏర్పాట్లు. మొదటిది కడితే చాప 10 చదరపు మీటర్లు, రెండోది కడితే ఆరున్నర. రీఫు తాళ్లు 8 మి.మీ.వి. మొదటిది ఎర్ర తాడు, రెండోది నీలం. చీకట్లో, తడిచేతుల్తో వెతుక్కునేటప్పుడు రంగు కూడా కనబడదు, అందుకని రెండో తాడు కొసన ముడి కూడా వేశాం.

లంగరు 7 కిలోలు, వెడల్పు రెక్కలది. ఇసుకలో పాతుకోవడానికి ఇదే మేలు. దానికి 8 మి.మీ. గొలుసు 6 మీటర్లు, తర్వాత 12 మి.మీ. నైలాన్ తాడు 100 మీటర్లు. ఇంత పొడుగెందుకని అడిగినవాళ్లకి బుడగట్లపాలెం రోజు జవాబు దొరుకుతుంది.

ప్రతి పడవలో కూర్చునే బల్లల కింద ఫోమ్ దిమ్మెలు. నిండా నీళ్లు పట్టినా ముగ్గురితో సహా తేలాలి. ఒక పడవని చెరువులో కావాలని తిరగేసి చూశాం. తేలింది గానీ ఒక పక్కకి ఒరిగి తేలింది. కుడి బల్ల కింద దిమ్మెలు తక్కువ పడ్డాయి. సమానంగా సర్దాక, ఒకరు పలక మీద నిలబడి లాగితే నిమిషంన్నరలో లేచింది. నీళ్లు తోడడానికి పంపు ఉంది, కానీ అసలు పనిచేసేది 10 లీటర్ల బకెట్టే.

చుక్కాని బిజాగరీల గురించి ఇక్కడ ఇంకో వాక్యం రాసి ఉండాల్సింది. "కదిలించి చూశాం, గట్టిగా ఉన్నాయి" అని మాత్రమే రాసి ఉంది. విప్పి చూడలేదు.

రెండు వారాల ముందు: కాగితాలు, రేడియో, సరుకు

చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు, బారువ మెరైన్ పోలీసు స్టేషన్లకి పడవల ఫొటోలు, చాపల రంగులు, మనుషుల జాబితా, ఆధార్ నకళ్లు, రోజువారీ దారి ఇచ్చాం. తీర పోలీసు నంబరు 1093, కోస్ట్‌గార్డు నంబరు 1554 ప్రతి పడవలో లోపలి గోడ మీద పెయింటుతో రాశాం. కాగితం మీద రాస్తే తడుస్తుంది, ఫోనులో రాస్తే చార్జింగ్ అయిపోతుంది.

పోలీసుల కంటే ముందు వెళ్లాల్సింది ఊరి పెద్దల దగ్గరికి. వలలు ఏ లోతులో వేస్తున్నారు, ఏ వేళకి తీస్తున్నారు, ఒడ్డున ఏ చోట బోట్లు లాగుతున్నారు అన్నది వాళ్లే చెప్పాలి. పడవ లాగడానికి వచ్చే మనుషుల కూలి కూడా అప్పుడే మాట్లాడుకోవడం మంచిది. ఒడ్డున కెరటాల మధ్య బేరం కుదరదు.

చేతిలో పట్టుకునే 5 వాట్ల వీహెచ్ఎఫ్ రేడియోలు ఆరు. కూర్చున్న మనిషి చేతి ఎత్తు నుంచి ఇంకో పడవకి 5 మైళ్లు అందుతుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. 16వ ఛానెల్ వినడానికి, మాటలకి 72. గంటకోసారి హాజరు పిలుపు. మొదటి పడవని ఎవరూ దాటకూడదు, చివరి పడవ కంటే ఎవరూ వెనకబడకూడదు, మధ్యలో అరమైలు లోపే ఉండాలి. నిదానంగా నడిచే పడవనే ముందు పెట్టాం. చురుకైన జట్టుకి ఇది నచ్చదు. కానీ చురుకైన పడవ ముందుంటే గంటలో గుంపు రెండు మైళ్లు సాగిపోతుంది.

నీళ్లు మనిషికి రోజుకి 5 లీటర్లు. పడవలో రెండు రోజులకి సరిపడా 30 లీటర్లు, పది లీటర్ల క్యాన్లు మూడు. ఒకటే పెద్ద క్యాను పెడితే అది చిల్లిపడ్డ రోజున ఏమీ మిగలదు. తిండి రోడ్డు వెంట వ్యానులో వస్తుంది. పడవలో ఉండేవి చోడి (రాగి) అంబలి సీసాలు, అటుకులు, బెల్లం, వేరుశెనగ పలుకులు, ఉల్లిపాయలు. పొయ్యి పెట్టలేదు.

వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఉదయం 4 గంటలకి. ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఇచ్చే సముద్ర స్థితి సూచనలో కెరటం ఎత్తు 1.2 మీటర్లు, గాలి 15 నాట్స్ (గంటకి 15 మైళ్లు) దాటితే ఆ రోజు లేదు. ఇంకో అంకె చూడాలి, చాలామంది చూడరు: కెరటానికీ కెరటానికీ మధ్య సెకన్లు. 6 సెకన్ల కెరటం మీటరున్నర ఉన్నా తీరంలో చిందరవందరగా విరిగి ఊరుకుంటుంది. 15, 16 సెకన్ల పొడుగు కెరటం ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టి వస్తుంది. బయట మీటరే ఉంటుంది, కనబడనైనా కనబడదు, గాలి ఉండదు, ఆకాశం నిర్మలం. ఒడ్డు దగ్గర లేచి నిలబడి పడుతుంది. 14 సెకన్లు దాటితే ఒడ్డెక్కడం మానేసి బయటే లంగరు.

1వ రోజు, షష్ఠి: కోనాడ – చింతపల్లి, 6 మైళ్లు

దూరం కావాలనే తక్కువ. సామాను సర్దుకోవడానికి, లోపాలు బయటపడడానికి. చంపావతి మొగని పోటు చివరి గంటలో దాటాం. నీరు బయటికి లాగేటప్పుడు, ఎదురుగా సముద్రపు కెరటం వస్తుంటే, రెండూ ఢీకొని మొగలో కెరటాలు నిట్టనిలువుగా లేస్తాయి. అదే చోటు రెండు గంటల తేడాతో చెరువులా ఉంటుంది.

దిక్సూచి దారి 58 డిగ్రీలు. ఈ ప్రాంతంలో అయస్కాంత తేడా ఒక డిగ్రీ లోపే, చిన్న పడవకి దాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. చింతపల్లి దగ్గర గుట్ట మీద లైట్‌హౌస్ 1847 నాటిది. భీమిలికి వచ్చే ఓడలకి సముద్రంలో ఉన్న శాంతపిల్లి రాళ్ల జాడ తెలపడానికి కట్టారు. ఆ రాళ్లు తీరానికి బాగా ఎడంగా ఉంటాయి, మన దారి వాటికీ తీరానికీ మధ్య. అయితే తీరానికి దగ్గర్లోనూ రాళ్ల మేటలున్నాయి, లంగరు ఇరుక్కుంటుంది. అందుకని లంగరు తల దగ్గర వేరే సన్నతాడు కట్టి, దాని కొసకి ఖాళీ సీసా తేలించాం. ఇరుక్కుంటే ఆ తాడు పట్టి వెనక్కి లాగితే వచ్చేస్తుంది.

రాత్రి బయటే, 5 మీటర్ల నీటిలో. 4వ పడవ లంగరు జారింది, వంద మీటర్లు కొట్టుకుపోయింది. కారణం లెక్క తప్పడమే. లోతు 5, ముక్కు ఎత్తు 0.7, పోటుకి ఇంకో మీటరు, మొత్తం 6.7. దానికి అయిదింతలు, సుమారు 35 మీటర్ల తాడు వదలాలి. గాలి లేస్తే ఏడింతలు, 47. ఆ జట్టు "లోతు అయిదే కదా" అని 20 వదిలింది. తాడు పొట్టిదైతే లాగుడు పైకి వస్తుంది, రెక్కలు ఇసుకలోంచి లేస్తాయి. అన్ని తాళ్ల మీదా ప్రతి 10 మీటర్లకీ రంగు దారం చుట్టాక ఈ గొడవ మళ్లీ రాలేదు.

2వ రోజు, సప్తమి: బుడగట్లపాలెం, 13 మైళ్లు

తెల్లవారుజామున నేల మీంచి చల్లగాలి వాయువ్యం నుంచి వస్తుంది, 5, 6 నాట్స్. ఎనిమిదిన్నరకి అది చచ్చిపోతుంది. పది, పదకొండు దాకా గాలి ఉండదు, చాపలు వేలాడతాయి. తర్వాత దక్షిణం నుంచి సముద్రపు గాలి. ఈ వరస దాదాపు రోజూ ఇదే. నాలుగున్నరకే చాప ఎత్తితే ఎండ ముదిరేలోపు సగం దారి గడుస్తుంది.

కొవ్వాడ ఎదురుగా వలలు. చీకట్లో వేసిన వల చివర జెండా కర్ర, థర్మోకోల్ ముక్కలు, ఒక్కోసారి నూనె డబ్బా. రెండు గుర్తుల మధ్యనుంచి పోకూడదు, వల ఆ మధ్యలోనే ఉంటుంది. 2వ పడవ ఆ మధ్యనుంచే పోయింది. వెంటనే పలక, చుక్కాని రెక్క రెండూ పైకి లేపి, చాప వదులు చేసి ఆగింది. సన్నటి నైలాన్ దారం చుక్కాని సందులో చిక్కింది. కత్తి తీయకూడదు. వల కోస్తే ఒక ఇంటి బతుకు కోసినట్టే, తర్వాత ఆ ఊళ్లో ఏ పడవా ఒడ్డెక్కే వీలుండదు. చుక్కాని మొత్తం పీకి, చిక్కు విప్పి, వల మునిగాక మళ్లీ తగిలించారు. ఇరవై నిమిషాలు. చుక్కాని రెక్కకీ కడ్డీకీ మధ్య సందు మూయడానికి ఆ సాయంత్రమే సైకిల్ ట్యూబు ముక్క అంటించాం.

ఒడ్డెక్కడం గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

బుడగట్లపాలెం తీరంలో కెరటాలు రెండు వరసలుగా విరుగుతున్నాయి. బయటి వరసకి ఇంకో 80 మీటర్లు అవతలే ఆగి, పది నిమిషాలు ఊరికే చూశాం. పెద్దవి అయిదారు గుంపుగా వస్తాయి, తర్వాత కొంత సేపు చిన్నవి. ఆ ఖాళీ ఎంతసేపు ఉంటుందో గడియారం పెట్టి లెక్కేస్తే నాలుగు నిమిషాలు. పడవకి కావాల్సింది రెండున్నర.

చాపలు రెండూ దించి కట్టేయాలి. గాలిలో చాప ఉంటే కెరటం మీద పడవ వేగం మన చేతిలో ఉండదు. కీలు పలక పైకి, చుక్కాని పైకి. ఇప్పుడు లంగరు. బయటి వరసకి అవతలే వేసి, పడవ ముక్కు సముద్రం వైపే ఉంచి, తాడు మెల్లగా వదులుతూ, తెడ్లతో వెనక్కి వెనక్కి తీరానికి జరగాలి. ముక్కు కెరటాన్ని ఎదుర్కొంటుంది, తాడు పట్టి ఉంచుతుంది. పెద్దది వచ్చేటప్పుడు తాడు బిగించి నిలవాలి, దాటాక వదలాలి. తాడు మనిషి చేతిలో కాదు, ముక్కు దగ్గర కొక్కేనికి ఒక చుట్టు వేసి ఉండాలి. ఇక్కడే వంద మీటర్ల తాడు అవసరం. 1వ పడవకి 92 పట్టింది.

ముక్కు ఒడ్డు వైపు పెట్టి కెరటం మీద జారిపోవడం చూడ్డానికి బాగుంటుంది, అలవాటైన తెప్పలు అలాగే వస్తాయి. మన పడవకి అది కుదరదు. వెనక భాగం కెరటం ఎత్తుతుంది, ముక్కు కెరటం కింది నీటిలో గుచ్చుకుంటుంది, వెనక ఇంకా పరిగెత్తుతుంది. క్షణంలో పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి కెరటం దొర్లిస్తుంది.

మోకాలి లోతు రాగానే ఇద్దరు దిగాలి, సముద్రం వైపు పక్కన మాత్రమే. ఒడ్డు వైపు నిలబడితే కెరటం పడవని తెచ్చి కాళ్ల మీద పెడుతుంది. ఒడ్డున పదిమంది సిద్ధంగా ఉన్నారు. వాళ్లలో పెద్దాయన 3వ పడవకి చెయ్యి ఊపి ఆపాడు: "ఆగండి బాబూ, ఎనకాల పెద్దది వత్తంది, అది ఎల్లిపోనాక రండి." లెక్కలో లేని ఏడో కెరటం అది. గడియారం కంటే ఆయన కళ్లు నయం.

3వ రోజు, అష్టమి: కళింగపట్నం, 19 మైళ్లు

నాగావళి మొగకి రెండు మైళ్లు ఎడంగా దాటాం. అంత దూరంలోనూ నీటి రంగు మారుతుంది, మీద గడ్డి, కట్టెలు. మధ్యాహ్నం ఒంటిగంటకి నురగ తలలు లేచాయి. అంటే 12 నాట్స్ దాటినట్టు. అప్పుడే మొదటి రీఫు కట్టాలి. రెండున్నరకి 18, రెండో రీఫు. "ఇంకాసేపు చూద్దాం" అన్న మాట రేడియోలో వినిపించిన పడవే ఎప్పుడూ చివర కట్టింది, అందరికంటే ఎక్కువ తడిసింది.

వెనకగాలిలో ప్రమాదం చాప ఉన్నట్టుండి పక్క మారడం. 5వ పడవలో మారింది, బూము (చాప కింది అంచుని పట్టే అడ్డకొయ్య) తలల మీంచి ఊడ్చుకుపోయింది. అందరూ వంగే ఉన్నారు కాబట్టి సరిపోయింది. బూము కొస నుంచి ముక్కు దాకా 8 మి.మీ. తాడు కట్టి బిగిస్తే అది కదలదు. ఆ తాడు పడవలోనే ఉంది, కట్టలేదు.

మూడింటికి 3వ పడవ చుక్కాని కింది బిజాగరీ ఊడింది. చుక్కాని పై మేకు మీద వేలాడుతూ పక్కలకి కొట్టుకుంటోంది. చేసిన పని వరసగా: పెద్ద చాప దించారు, ముందు చాప మాత్రమే ఉంచారు. లాగుడు ముక్కు దగ్గర ఉంటే పడవ తనంతట తానే గాలికి వాలుగా నిలుస్తుంది. చుక్కాని పీకి లోపల పెట్టారు, లేకపోతే పై బిజాగరీని కూడా పీకేస్తుంది. వెనక గోడ మీది గంటులో తెడ్డు పెట్టి తిప్పారు. గంటకి రెండున్నర మైళ్లు. తర్వాత బోటు వచ్చి తాడు అందుకుంది. లాగే తాడు 30 మీటర్లు, అది పొట్టిదైతే వెనక పడవ కెరటం దిగుతూ వచ్చి బోటుని గుద్దుతుంది. వేగం 4 దాటకుండా.

వంశధార మొగలోకి ముందు బోటు వెళ్లి గుండు తాడుతో లోతు చూసింది. ఏటా వరద తర్వాత ఇసుక మేట జాగా మారుతుంది, నిరుటి జ్ఞాపకం పనికిరాదు. మేట మీద పోటు నిండుకి 1.1 మీటరు. కెరటం ఎత్తు లోతులో ముప్పాతిక దాటితే విరుగుతుంది, అంటే ఇక్కడ సుమారు 82 సెంటీమీటర్లు. ఉన్నవి 50. ఒక్కొక్కటిగా, పడవకీ పడవకీ మూడు నిమిషాల ఎడంతో, లోపలికి. 3వ పడవ తాడు మీద, చివరగా.

4వ రోజు, నవమి: కళింగపట్నం, మరమ్మతు

పథకంలో ఇది ఖాళీ రోజు. ఖాళీ రోజు పెట్టని పథకం కాగితం మీదే బాగుంటుంది.

బిజాగరీ విప్పితే సంగతి తెలిసింది. రెండు 6 మి.మీ. బోల్టులు, లోపలి వైపు వాషర్లు లేవు, నట్టు నేరుగా ఫైబర్ మీద. వెనక గోడ లోపల ప్లైవుడ్ పలక బోల్టు రంధ్రంలోంచి దిగిన నీటికి నాని మెత్తబడింది. చుక్కాని కదిలిన ప్రతిసారీ రంధ్రం వెంట్రుక వాసి సాగుతూ, చివరికి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. బయటినుంచి పట్టి ఊపితే గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే పై బోల్టు ఇంకా పట్టి ఉంది.

లోపలి వైపు నుంచి 15 సెం.మీ. చదరంలో పైపొర కోసి, నానిన చెక్కంతా ఉలితో తీసేశాం. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టాం, ఎండలో మూడు గంటలు. ఉప్పు ఉంటే రెజిన్ (ఫైబర్‌ని అంటించే జిగురు) పట్టదు. తేమ ఉన్నా పట్టదు. ఎండిన 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ ముక్క అంచులకి ముందే రెజిన్ పూసి లోపల పెట్టాం. మీద చదరపు మీటరుకి 450 గ్రాముల ఫైబర్ మ్యాటు మూడు పొరలు, ఒక్కోటి కింది దానికంటే 3 సెం.మీ. వెడల్పు. పాలియెస్టర్ రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే కేటలిస్ట్ 1 శాతం, 500 గ్రాములకి 5. రెండు శాతం వేస్తే ఈ ఎండకి గిన్నెలోనే బిగుస్తుంది. మొదటి గిన్నె అలాగే పోయింది, పొగ కూడా వచ్చింది. రోలరుతో బుడగలు తీసేశాక నీడలో నాలుగు గంటలు.

బోల్టు రంధ్రాలు 6కి బదులు 10 మి.మీ. వేసి, వాటిని రెజిన్, కోసిన ఫైబర్ ముద్దతో నింపి, ఎండాక మధ్యలో మళ్లీ 6 మి.మీ. వేశాం. ఇప్పుడు నీరు దిగినా చెక్క దాకా పోదు. లోపల 40 మి.మీ. స్టీలు పలక, లాక్ నట్లు. మిగతా నాలుగు పడవల బిజాగరీలూ విప్పి చూశాం. ఒకటి అదే దారిలో ఉంది, దానికి స్టీలు పలక మాత్రం వేశాం.

5వ రోజు, దశమి: భావనపాడు, 18 మైళ్లు

గాలి లేదు. ఉదయం పది దాకా గంటకి ఒకటిన్నర మైలు, అందులో సగం నీటి వాలే. తెడ్లు వేసి కొంత. పదకొండున్నరకి గాలి వచ్చింది. మూలపేట ఓడరేవు పనులు జరిగే చోటుకి ఒకటిన్నర మైలు ఎడంగా వెళ్లాం. కొత్త రాతిగోడలు పాత చార్టులో ఉండవు, బార్జీల లంగరు తాళ్లు పక్కలకి చాలా దూరం సాగి ఉంటాయి. ఒడ్డెక్కడం బుడగట్లపాలెం పద్ధతే, ఈసారి పడవకి 70 మీటర్ల తాడు సరిపోయింది. సాయంత్రం నౌపడ ఉప్పు మడుల వైపు నుంచి వచ్చిన కొంగలు తప్ప రాసేందుకు ఏమీ లేదు.

6వ రోజు, ఏకాదశి: బారువ, 24 మైళ్లు

అన్నింటికంటే పొడుగు దారి. మూడున్నరకే బయల్దేరాం. మధ్యలో మంచినీళ్లపేట దగ్గర నిర్ణయం: పదకొండు గంటలకి దాన్ని దాటకపోతే అక్కడే ఆగడం. పదింటికే దాటాం.

తీరం నల్లగా, దట్టంగా కనబడితే ఉద్దానం కొబ్బరితోటలు మొదలైనట్టు. ఊళ్లు, గుడులు ఆ చెట్ల వెనక దాక్కుంటాయి. ఒడ్డు చూసి ఎక్కడున్నామో చెప్పడం కష్టం. ఉత్తరంగా మహేంద్రగిరి, 1,501 మీటర్లు, ఆకాశం శుభ్రంగా ఉంటే అదొక్కటే నమ్మదగిన గుర్తు. ఆ రోజు తొమ్మిది దాకానే కనబడింది, తర్వాత మంచుమబ్బు కప్పేసింది.

ఇక్కడ తీరం ఇంకా ఉత్తరానికి వంగుతుంది. మొదటి రోజుల్లో దారి 58 డిగ్రీలు, భావనపాడుకి 43, బారువకి 35. అదే దక్షిణ నైరుతి గాలి మొదట్లో కుడి భుజం మీంచి వచ్చింది, ఇప్పుడు నేరుగా వీపు మీద. చాప పక్క మారే ప్రమాదం ఇప్పుడే ఎక్కువ. నేరుగా పోకుండా, దారికి 25 డిగ్రీలు కుడికి ఒక గంట, తర్వాత చాప పక్క మార్చి ఎడమకి ఒక గంట. దారి పదో వంతు పెరుగుతుంది. కానీ వేగం అంతకంటే ఎక్కువే పెరిగింది, బూములు కుదురుగా ఉన్నాయి. బూము తాడు ఈసారి అయిదు పడవలూ కట్టాయి.

నీటిమీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు. పైకి వచ్చి ఊపిరి తీసుకునేటప్పుడు పెద్ద చిప్ప తేలినట్టు కనబడతాయి. ముందు కూర్చున్నవాళ్ల పని అదొక్కటే, చూసి చెప్పడం. ఇది గుడ్లు పెట్టే కాలం. రాత్రి ఒడ్డున మంట వేయలేదు, తెల్ల లైట్లు ఆర్పి ఎర్ర గుడ్డ కట్టిన టార్చీలే వాడాం. పడవలు కూడా పొడి ఇసుక మీదికి లాగకుండా తడి గీత దగ్గరే ఉంచాం, పోటుకి కొట్టుకుపోకుండా లంగరు ఒడ్డున పాతి.

బారువ తీరానికి దగ్గర్లో నీళ్లలో పాత ఆవిరి ఓడ శిథిలం ఉంది. ఆ చోటుకి బోటు ముందు వెళ్లి నిలబడింది, పడవలు దానికి ఉత్తరంగా తిరిగి ఒడ్డెక్కాయి. నాలుగుంపావు.

7వ రోజు, ద్వాదశి: విప్పడం, లారీ

కొయ్యలు దించి, తీగలు చుట్టి, మెలి బిగింపుల పిన్నులు ఒక్కో పడవకి ఒక్కో డబ్బాలో. మూడు లారీలు: రెండింట్లో రెండేసి పడవలు, మూడో దాంట్లో ఒక పడవ, కొయ్యలు. పడవ కింద లారీ టైర్లు, పక్కలకి కొబ్బరి పీచు బస్తాలు. తాడు ఫైబర్ అంచు మీద నేరుగా బిగిస్తే గతుకుల్లో కోసుకుపోతుంది, ప్రతి అంచు కిందా గోనెపట్టా మడత.

మిగిలిన పనులు: 2వ పడవ పెద్ద చాప రెండో రీఫు కన్ను దగ్గర కుట్టు వదులైంది, ఆ తాడు సాగినప్పుడల్లా బూముకి రాసుకుంటోంది. 4వ పడవ గొలుసు కొస కొక్కెం మారాలి. రేడియోల్లో రెండింటికి ఉప్పు పట్టి చార్జింగ్ పిన్ను పచ్చబడింది. అన్ని పడవల బిజాగరీలూ విప్పి, వాషర్ పలకలు వేసే పని మొదటి వారం. దాని తనిఖీ కాగితంలో "కదిలించి చూశాం" అన్న గడి కొట్టేసి "విప్పి చూశాం" అని మార్చాం. మంచినీళ్ల కడుగుడికి పడవకి 200 లీటర్లు లెక్క, ట్యాంకరు సాయంత్రం నాలుగుకి చెప్పాం, అయిదున్నరకి వచ్చింది.